రష్యా పంపు మీద మూడు గీతలు

సర్వర్ ఎడమచేతి బొటనవేలు పంపు మెడ మీద ఆనించి, కుడిచేత్తో పానా పట్టుకుని నట్టును పావు చుట్టు తిప్పాడు. ఒక్కసారిగా తిప్పితే లోపలి స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడుతుందో తెలియదు. పావు చుట్టు తిప్పడం, ఆగడం, వదులు ఎంత వచ్చిందో బొటనవేలితో చూసుకోవడం, మళ్ళీ పావు చుట్టు. ముందు పరిచిన తెల్లగుడ్డ మీద అప్పటికే పదీ పన్నెండు ముక్కలు, విప్పిన వరుసలోనే పడుకుని ఉన్నాయి.

ఎదురుగా పీట మీద లక్‌పతి కూర్చున్నాడు. రెప్ప వేస్తే ఏదో మాయమవుతుందన్నట్టు సర్వర్ చేతుల వైపే చూస్తున్నాడు. పంపులోంచి ఒక్కో ముక్క వచ్చి గుడ్డ మీద పడుతుంటే, తన పక్కన నేల మీద ఒక్కో మక్కగింజ పెడుతున్నాడు. అందుకోసమే ఇంటి నుంచి జేబు నిండా పోసుకొచ్చాడు.

"ఎన్నయినయ్?" అన్నాడు సర్వర్ తల ఎత్తకుండా.

"పదకొండు."

"పన్నెండు. గా రాగి వాషరు నువ్వు లెక్కవెట్టలే."

లక్‌పతి ఇంకో గింజ పెట్టాడు. "నువ్వే చెప్పవడ్తివి. ఇంత మంచోనివైతే నా బండి ఎందుకాగింది సర్వరన్నా?"

"గది చూసెతందుకే విప్పుతున్న. నువ్వు గింజలు పోగొట్టకు. బిగించేటప్పుడు నాకు గా లెక్కనే కావాలె."

రేకుల మీద వాన పడుతోంది. బాన్సువాడలో బోధన్ రోడ్డు మీద, నాలుగు కర్రలు పాతి పైన రేకులు కప్పుకున్న షెడ్డు అది. లోపల ఒక బెంచీ, గోడకు వరుసగా పానాలు. ఏ పానా తీసినా దాని ఆకారం గోడ మీద సుద్దతో గీసి ఉంటుంది. సాయంత్రం ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా సర్వర్ షెడ్డు మూయడు.

లక్‌పతి అంగీ జేబులో గింజలతో పాటు ఒక కాగితం కూడా ఉంది. దాన్ని అతను మాటిమాటికీ తడుముకోవడం సర్వర్ చూస్తూనే ఉన్నాడు. అందులో ఏం రాసి ఉందో అతనికి తెలుసు. నిన్ననే రహీం చాయ్ హోటల్‌లో చదివి వినిపించారు.

నస్రుల్లాబాద్ పక్క తాండాలో నాలుగిళ్ళవాళ్ళు కలిసి దరఖాస్తు పెట్టుకుని, ఏడాదిన్నర ఎదురుచూస్తే వచ్చిన ట్రాక్టర్ అది. రష్యా నుంచి ఓడ మీద వచ్చింది. రెండు దేశాలూ వ్యాపార ఒప్పందం రాసుకున్నాయనీ, అటు నుంచి యంత్రాలు వస్తాయనీ, ఇటు నుంచి తోళ్ళు, పొగాకు, చాయ్‌పత్తి, బట్టలు పోతాయనీ, లెక్కంతా మన రూపాయల్లోనే జరుగుతుందనీ అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. నాలుగిళ్ళలో నడపడం వచ్చినవాడు లక్‌పతి ఒక్కడే. అందుకే బండి మంచీ చెడూ అతని నెత్తి మీదే ఉన్నాయి. ఈ సోమవారం పొద్దున కాలువ నీళ్ళు మళ్ళించుకుని దమ్ము చేస్తుంటే నడిమడిలో ఇంజను దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. మళ్ళీ వాళ్ళ నీళ్ళ వంతు శనివారం. నారు ముదురుతోంది.

మంగళవారం, ట్రాక్టర్ అమ్మిన ఏజెన్సీ మనిషి హరనాథబాబు వచ్చాడు. నిజామాబాద్ నుంచి రుద్రూర్ పరిశోధన కేంద్రంలో ఏదో ప్రదర్శన కోసం వచ్చి, పనిలో పనిగా తాండాకు జీపు మళ్ళించాడు. బూట్లు తడవకుండా గట్టు మీదే నిలబడి చూశాడు. పంపు మీద ఉండాల్సిన కంపెనీ సీసపు సీలు లేదు.

"దీన్ని ఎవరు విప్పారు?"

"బాన్సువాడ సర్వర్ సారూ. ఎండకాలంల డీజిల్ల చెత్త వడ్డది. మీకు రెండు కార్డులు రాసినం, ఎవ్వలూ రాలే."

"ఇంకేం! అసలు సామాను తీసుకుని నకిలీది పెట్టి ఉంటాడు. రష్యా పంపులో ఒక్కో ముక్కకి బజార్లో ఎంత గిరాకీయో మీకేం తెలుసు?"

జీపు బానెట్ మీద కాగితం పెట్టి అక్కడికక్కడే రాశాడు. స్థానిక మెకానిక్కు సర్వర్ అసలు భాగాలు దొంగిలించి నకిలీవి అమర్చినందున యంత్రం చెడిపోయిందనీ, దీనికి ఏజెన్సీ బాధ్యత లేదనీ ఆ రాతకు అర్థం. "దీని మీద సంతకం పెట్టి ఉంచండి. శనివారం తిరుగు ప్రయాణంలో తీసుకుంటాను. అది నా చేతిలో ఉంటే కొత్త పంపుకి సిఫారసు రాస్తాను. లేకపోతే మీ ఇష్టం."

లక్‌పతి సంతకం పెట్టలేదు, చింపనూ లేదు. నేరుగా బాన్సువాడ వచ్చి, కాగితం రహీం హోటల్‌లో చదివించి, పదిమంది ముందర సర్వర్‌తో అన్నాడు. "శనివారం దాంక చూస్త. పంపు విప్పు. నా కండ్ల ముందల విప్పు. మంచిగయితే సరే. కాకపోతే గీ కాయితం మీద సంతకం పెడ్త."

అప్పటికి సర్వర్‌కు ముప్పై ఎనిమిదేళ్ళు. బడికి పోయింది మూడేళ్ళు. తండ్రి కళాయి సాయిబు. కోటగిరి నుంచి ఇటు ఊరూరూ తిరుగుతూ ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. తిత్తి ఊదడం సర్వర్ పని. తండ్రి పోయాక బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో బరువులు మోసే కూలీగా చేరాడు. ఆరేళ్ళు మోసింది ఇనుమే అయినా, కళ్ళు మాత్రం లేతు మిషను మీద పనిచేసేవాళ్ళ వేళ్ళ మీదే ఉండేవి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అడిగితే తిట్టేవాళ్ళు. అందుకని అడగడం మానేసి చూడడం నేర్చుకున్నాడు. రష్యా ట్రాక్టర్ వచ్చినప్పుడు దానితో ఒక పుస్తకం వచ్చింది. అక్షరం తెలియదు కాని బొమ్మలున్నాయి. ఆ బొమ్మలను షెడ్డు నేల మీద సుద్దముక్కతో పెద్దగా గీసుకుని, వాటి మీద నడుస్తూ, ఏది దేన్ని నెడుతుందో వారం రోజులు ఆలోచించాడు.

అతని దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ బండిలోంచి ఏ పాత ముక్క తీసినా, వాషరైనా సరే, గుడ్డలో కట్టి యజమాని చేతిలో పెడతాడు. వాళ్ళు ఇంటికి పోయేదారిలో కాలువలో పారేసుకున్నా అతనికి అభ్యంతరం లేదు. తన షెడ్డులో మాత్రం పరాయి ముక్క మిగలకూడదు. అలాంటి మనిషి పేరు పక్కన దొంగ అన్న మాట రాసి, కింద సంతకం పడితే, ఆ షెడ్డుకు మళ్ళీ ఎవడు బండి తెస్తాడు? పానాల ఆకారాలు గోడ మీద అలాగే ఉంటాయి, పట్టేవాడికి పని ఉండదు.

పదిహేడో గింజ దగ్గర సర్వర్ చేయి ఆగింది.

డీజిల్‌ను బలంగా నెట్టి ఇంజనుకు పంపడం పంపు పని. నెట్టింది వెనక్కి రాకుండా ఆపడానికి రెండు సిలిండర్లకు రెండు చిన్న ఉక్కు బిళ్ళలుంటాయి. అర్ధరూపాయి కన్నా చిన్నవి. వాటి ముఖాలు ఎంత నున్నగా అరగదీసి ఉంటాయంటే, మధ్యలో కాగితం, జిగురు ఏమీ లేకుండానే ఎదుటి ఉక్కు ముఖం మీద అతుక్కుని కూర్చుని నూనె చుక్కను కూడా పోనివ్వవు. సర్వర్ బిళ్ళను కిరసనాయిలులో కడిగి వెలుతురు వైపు తిప్పాడు. ముఖం మీద మూడు గీతలున్నాయి. నడిమిది పొడుగు, అటూ ఇటూ పొట్టివి. రెండో బిళ్ళ తీశాడు. దాని మీద కూడా మూడు గీతలు, నడిమిది పొడుగు.

"ఏందది?" లక్‌పతి ముందుకు వంగాడు.

"గీతలు."

"ఎవలు పెట్టిన్రు?"

"గదే నాగ్గూడ ఎర్కలే."

"నీ చెయ్యి తప్ప దీనిల ఇంకొక చెయ్యి వడలే గద?"

సర్వర్ బిళ్ళలు రెండూ గుడ్డ మీద పెట్టాడు. నిజానికి అతనికి వేరే అనుమానం తలెత్తింది. తాండావాళ్ళు మధ్యలో ఇంకెవడి దగ్గరో విప్పించారా? ఆగినప్పుడు భయపడి ఈ నేరం తన మీద వేస్తున్నారా? లక్‌పతి ముఖం చూశాడు. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. ఇద్దరూ ఒకరినొకరు కాసేపు చూసుకుని, ఇద్దరూ బిళ్ళ వైపు చూశారు.

ఆ సాయంత్రం చాయ్ తాగడానికి రహీం హోటల్‌కు పోతే అక్కడ అప్పటికే మాట పాకింది. సోమవారం నుంచీ రేడియోలో ఒకటే వార్త, రష్యాతో మన దేశం ఇరవై ఏళ్ళ స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేసిందని. ఒకరి మీదికి ఎవరైనా వస్తే ఇంకొకరు సలహాకు కూర్చుంటారట. తూర్పున బంగాళం వైపు గొడవగా ఉంది కాబట్టి దాని వెనక పెద్ద లెక్క ఉందని పేపరు చదివేవాళ్ళు చెబుతున్నారు.

"ఇగో సర్వర్ భాయ్ వచ్చిండు!" రహీం గ్లాసు ముందర పెట్టాడు. "నీ రష్యా దోస్తులు మూడు గీతలు పంపిన్రంట గద?"

"ఎవలు చెప్పిన్రు?"

"తాండా మనిషి నోట్లె మాట ఆగుతదా? నేనొకటి చెప్త విను. అవి చెడిపోయిన సరుకు మీద పెట్టే గుర్తులు. మంచియి వాళ్ళుంచుకుంటరు. గీతలు వెట్టినయి మనకు పంపుతరు. మనం కూడ తక్కువ తిన్నమా? మనం పంపే చాయ్‌పత్తిల ఎంత చెత్త కలుస్తదో!"

బెంచీ మీద వాళ్ళు నవ్వారు. మూలన కూర్చున్న ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. "ఇరవై ఏండ్ల దోస్తీ అని కాయితం రాసుకున్నరంటే, అంత నమ్మకమున్నోళ్ళకు కాయితమెందుకయ్యా? నాకు గది సమజ్ కాదు."

"నమ్మకం లేకనే, తాతా. ఉంటె నోటిమాట చాలదా?" అన్నాడు రహీం.

సర్వర్ చాయ్ చల్లారేదాకా ఆలోచించాడు. చెడిపోయిన సరుకు మీద గుర్తు పెట్టేవాడు నూనె ఆపాల్సిన ముఖం మీదే ఎందుకు పెడతాడు? పక్కన పెట్టొచ్చు కదా. పైగా ఎండాకాలంలో తను కడిగి చూసినప్పుడు ఈ గీతలు లేవు. రష్యావాళ్ళ మనసులో ఏముందో అతనికి తెలియదు. కాని ఆ ఉక్కు చేసిన చేయి మాత్రం పని తెలిసిన చేయి. ఆ ముక్క చేతిలో పట్టుకున్న ప్రతిసారీ అతనికి ఆ సంగతి తెలుస్తూనే ఉంది.

షెడ్డుకు తిరిగి వచ్చి సన్న ఆకురాయి తీసి బిళ్ళ పక్క అంచున మెల్లగా రాశాడు. ఆకురాయి జారిపోయింది. గీత పడలేదు. తన దగ్గరున్న ఉలి మొనతో అంచునే ఇంకోచోట చూశాడు. అదీ జారిపోయింది. ఈ షెడ్డులో ఉన్న ఏ ఇనుమూ ఆ ఉక్కును గీయలేదు. నకిలీ సరుకు ఇంత గట్టిగా ఉండదు, కాబట్టి బిళ్ళ అసలుదే. తన పనిముట్టుతో గీతపడే అవకాశమూ లేదు. కానీ ఈ మాట ఎవరు నమ్ముతారు? ఆకురాయి జారడం చూసి నమ్మాలంటే, చూసేవాడికి కూడా పని తెలియాలి.

గురువారం పొద్దున లక్‌పతి వచ్చాడు. ఈసారి భార్య దేవ్లి కూడా వచ్చింది. వానలో నాలుగు మైళ్ళు నడిచి, భర్తకు జొన్న అంబలి ఇత్తడి చెంబులో మూతగట్టి తెచ్చింది. లోపలికి వస్తూనే గుడ్డ మీది ముక్కలు, పక్కన గింజలు, సర్వర్ ముఖం వరుసగా చూసింది.

"అన్నా, మా సామాను మాకుందా?"

"లెక్క నీ పెనిమిటి దగ్గర్నే ఉంది చెల్లే. చూసుకో."

లక్‌పతి అంబలి తాగి చెంబును బెంచీ మీద బోర్లించాడు. సర్వర్ దాన్ని పక్కకు జరపబోయి ఆగాడు. చెంబు అడుగున, మసి పట్టిన చోట, మూడు గీతలున్నాయి. నడిమిది పొడుగు, అటూ ఇటూ పొట్టివి.

అతనికి చెంబుల అడుగులు కొత్త కాదు. చిన్నప్పుడు తిత్తి ఊదుతూ ఎన్ని వందలు చూశాడో! కళాయి సాయిబుకు గిన్నె ఇచ్చే ముందర ప్రతి ఇంటి ఆడమనిషీ దాని మీద తన గుర్తు పెట్టుకునేది. మంచి గిన్నె ఉంచుకుని పలుచటి గిన్నె ఇస్తాడేమోనన్న అనుమానం. ఒకరిది కత్తెర గుర్తు, ఒకరిది చుక్కలు, ఒకరిది గీతలు. తండ్రి దానికి ఎప్పుడూ నొచ్చుకునేవాడు కాదు. పైగా తనే గిన్నెను తిప్పి చూపేవాడు. 'ఈడ పెట్టుకో తల్లీ, ఈడైతే కళాయి చెడదు.'

సర్వర్ చెంబును, బిళ్ళను పక్కపక్కన పెట్టాడు.

"దేవ్లీ, ఇది నీ గుర్తేనా?"

దేవ్లి వంగి చూసింది. ఆమె ముఖం విప్పారింది. "మాదే! ఇగో, ఇది మా సామానే. మార్చలే!" భర్త వైపు తిరిగి తమ భాషలో గబగబా ఏదో చెప్పి, మళ్ళీ తెలుగులోకి వచ్చింది. "ఎండకాలంల ఈయన చాయ్ తాగవోయిండు. నువ్వు నమాజుకు పోతివి. నన్ను కావలి కూసోవెట్టిన్రు గద అన్నా? ఎవలన్న మారుస్తరేమోనని నేనే పెట్టిన. మేకుతోని గీస్తే పడలే. పలుగురాయితోని గీసిన. నున్నగ మెరిసే కాడ మంచిగ కనవడ్తదని గీడ పెట్టిన."

లక్‌పతి బిళ్ళ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు, చెంబు చూశాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. "అంటే నువ్వు మార్చలే."

"మార్చలే."

"మరి బండెందుకాగింది?"

సర్వర్ బిళ్ళను వెనక్కి తీసుకుని నడిమి గీతను గోటితో తడిమాడు. దేవ్లి ఇంకా నవ్వుతోంది. తన తెలివి ఒక మనిషి పరువు నిలబెట్టిందన్న సంతోషం ఆమెది, అది నిజం కూడా.

"గా గీతలతోనే ఆగింది," అన్నాడు చివరికి. "ఈ బిళ్ళ ముఖానికి, ఇది కూసునే ముఖానికి నడుమ నూనె పోవద్దు. మనం గీసిన గీత కాలువ లెక్క. ఒత్తిడి పెరిగితే డీజిల్ గా కాలువల వెనుకకు పోతది. ఖాళీ బండి నడిచినన్ని రోజులు తెలువలే. దమ్ముల దిగినంక బయటవడ్డది."

దేవ్లి నవ్వు మెల్లగా పోయింది. లక్‌పతి ఆమె వైపు తిరిగి నోరు తెరిచాడు.

"ఆమెననకు," సర్వర్ అడ్డుపడ్డాడు. "నమాజు నుంచి వచ్చి నేను బిగించిన. పోయే ముందల కడిగి చూసిన, వచ్చినంక చూడలే. బిగించే ముందల మల్లొక్కసారి చూడాల్సింది నేను. చూస్తే ఆనాడే కనవడుతుండె. సగం తప్పు నాది."

ఈ మాట చెప్పడం అతనికి సులభంగా లేదు. తాండాలో పోయి చెబితే దీన్నే ఇంకోలా చెప్పొచ్చు, సర్వరే ఒప్పుకున్నాడని. లక్‌పతి చేయి జేబు మీదికి పోవడం అతను చూశాడు. కాగితం బయటికి వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

"బాగయితదా?" అన్నాడు లక్‌పతి.

"గీత లోతున్నంత మేర ముఖమంతా ఒక్కతీరుగ అరగదియ్యాలె. ఇంత సన్నపు పని నేనెన్నడు చెయ్యలే. ఫ్యాక్టరీల చూసిన, గంతే."

"చెడిపోతె?"

"చెడిపోతె సంతకం పెట్టు. నేను మార్చలేదని నీకెర్కే, నాకెర్కే. కాని నా చేతుల చెడింది గద, ఆ కాయితంల సగం మాట నిజమైతది."

లక్‌పతి భార్యతో తమ భాషలో మాట్లాడాడు. ఆ మాటల్లో తన పేరు రెండుసార్లు వినిపించింది సర్వర్‌కు. మంచికో చెడుకో తెలియలేదు. చివరికి లక్‌పతి పీట దగ్గరికి లాక్కున్నాడు. "చెయ్యి. నేను చూస్త."

సర్వర్ మూల నుంచి దళసరి అద్దం ముక్క తెచ్చాడు. ఏదో దొర గడీలో పగిలిన పాత నిలువుటద్దంలోది. వెనక పూత గీకేసి దాచుకున్నాడు. తర్వాత పదేళ్ళకు షెడ్డు రేకులు మార్చినప్పుడు కూడా ఆ అద్దాన్ని ముందు తీసి ఇంట్లో పెట్టాకే నిచ్చెన వేశాడు. ఆ రోజు దాన్ని సమంగా బెంచీ మీద పరిచి, కింద తడిగుడ్డ వేశాడు జారకుండా. వాల్వులు అరగదీయడానికి వాడే గరుకు మందు కొంత గ్లాసు నీళ్ళలో కలిపి, బరువైన పొడి అడుగుకు దిగేదాకా ఆగి, పైనీళ్ళు ఇంకో గ్లాసులోకి వంపాడు. ఆ నీళ్ళలోంచి మళ్ళీ దిగింది మాత్రమే పనికొస్తుంది. వేళ్ళ మధ్య పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత మెత్తన.

"పిండి కన్న సన్నగున్నది," అంది దేవ్లి.

"ఒక్క గరుకు రవ్వ ఉన్నా ఇంకో గీత పడ్తది," అన్నాడు సర్వర్.

ఆ పొడిని డీజిల్ చుక్కతో అద్దం మీద పులిమి, బిళ్ళను మూడు వేళ్ళ కింద పెట్టాడు. ఇంగ్లీషు ఎనిమిది అంకె రాస్తున్నట్టు తిప్పడం మొదలుపెట్టాడు. వేళ్ళు నొక్కకూడదు, వెంట పోవాలంతే. నొక్కితే ఒక పక్క ఎక్కువ అరిగి బిళ్ళ వాలుతుంది. ఇరవై చుట్లకు ఒకసారి బిళ్ళను పావు వంతు తిప్పి పట్టుకున్నాడు, చేతివాటం ఒకే వైపు పడకుండా. లక్‌పతి మెల్లగా చుట్లు లెక్కపెడుతున్నాడని అతనికి కాసేపటికి అర్థమైంది. ఇరవై కాగానే అతనే "ఆఁ" అంటున్నాడు.

మధ్యాహ్నానికి పొట్టి గీతలు పోయాయి. నడిమి గీత పోలేదు. అజాన్ వినిపించింది. సర్వర్ లేచి చేతులు కడుక్కుని, బిళ్ళలు రెండూ లక్‌పతి అరచేతిలో పెట్టాడు. "నేనొచ్చేదాంక చేతిల పట్టుకో. కింద పెట్టకు."

తిరిగి వచ్చేసరికి లక్‌పతి అదే భంగిమలో, చెయ్యి చాపుకుని కూర్చుని ఉన్నాడు. దేవ్లి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని దూరంగా కూర్చుంది. సర్వర్ బిళ్ళలు తీసుకుని, ఈసారి రెండింటినీ వెలుతురుకు పట్టి ముఖాలు చూశాడు. దేవ్లి తల దించుకుంది.

"నీ మీద అనుమానం కాదు చెల్లే. ఇగ నుంచి ఎప్పుడూ చూస్త. ఎవలున్నా, లేకున్నా."

పొద్దు వాలే వేళకు రెండో బిళ్ళ మీది నడిమి గీత కూడా పోయింది. లాంతరు మసిలో నూనె చుక్క వేసి, అది కూర్చోవాల్సిన ఎదుటి ముఖానికి పలచగా రాసి, బిళ్ళను ఆనించి తీశాడు. మసి ఒక్క చోట కూడా తెగకుండా చుట్టూ ఉంగరంలా అంటింది. మొదటి బిళ్ళ కూడా అంతే. శుభ్రంగా తుడిచి, రెండు బిళ్ళల ముఖాలనూ ఒకదానికొకటి అదిమి, పైదాన్ని ఎత్తాడు. కిందిది వదలకుండా దాన్నే పట్టుకుని వేలాడింది.

"మందు వెట్టినవా?" అన్నాడు లక్‌పతి అనుమానంగా.

"ఏం వెట్టలే. నడుమ గాలి లేదు, గంతే."

లక్‌పతి తనే పట్టి లాగి చూశాడు. పక్కకు జరిపితే గాని ఊడలేదు. కాగితం ఉన్న జేబును ఆ తర్వాత తడుముకోలేదు.

శుక్రవారం పొద్దున పంపు బిగించారు. గుడ్డ మీది ఒక్కో ముక్క లోపలికి పోతుంటే లక్‌పతి ఒక్కో గింజ తీసి జేబులో వేసుకున్నాడు. పంపు మూత పడ్డాక కూడా నేల మీద రెండు గింజలు మిగిలాయి. లక్‌పతి వాటిని చూశాడు. తల ఎత్తి సర్వర్‌ను చూశాడు. నిన్నటి నుంచి కాస్త మెత్తబడిన చూపు మళ్ళీ బిగిసింది.

"రెండు మిగిలినయ్."

"మిగులుతయ్. పొలంల చెప్త, పా."

నస్రుల్లాబాద్ దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి నడిచారు. పంపును సర్వర్ ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. లక్‌పతి రెండు గింజలు పిడికిట్లో పట్టుకుని పక్కనే నడిచాడు. ట్రాక్టర్ నడిమడిలో, ఇనుప చక్రాలు సగం దాకా బురదలో దిగి నిలబడి ఉంది. సర్వర్ పైజామా పైకి కట్టి దిగాడు. పంపు ఎక్కించాడు, గొట్టాలు బిగించాడు, డీజిల్ నెట్టి లోపలి గాలి తీసేశాడు. గొట్టం కొసన బుడగలు ఆగి చుక్క నిండుగా వచ్చేదాకా నెడుతూనే ఉన్నాడు.

లక్‌పతి ఎక్కి స్టార్టు చేశాడు. ఇంజను ఒకసారి దగ్గింది, తెల్లగా ఊదింది. తాండావాళ్ళు గట్టు మీద గుంపుగా నిలబడ్డారు. మళ్ళీ తిప్పాడు. ఈసారి రెండు సిలిండర్లూ ఒకదాని వెంట ఒకటి, తప్పకుండా పలికాయి. సర్వర్ చెయ్యి ఇంజను మీద పెట్టి కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ తర్వాత వేలితో మడి చూపించాడు.

బండి బురదను చీల్చుకుంటూ పోయింది. మడి చివరిదాకా పోయి మలుపు తిరిగింది. లోతైన చోట ఇంజను గొంతు బరువెక్కింది కాని తెగలేదు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. వెనక నీళ్ళు కలిసిన మట్టి నల్లగా, పలచగా పరుచుకుంటోంది. మూడో చుట్టు అయ్యాక సర్వర్ చెయ్యెత్తి ఆపించాడు. గొట్టాల కొసలు, నట్లు, పంపు మెడ వేలితో తడిమి చూశాడు. ఎక్కడా తడి లేదు.

"దేవ్లీ, రా. నీ పలుగురాయి తీస్కరా."

దేవ్లి వెనక్కి తగ్గింది. "ఇగ పెట్ట అన్నా. నా వల్ల అయిందే చాలు."

"పెట్టుకోవాలె. రేపు ఇంకొకని దగ్గర విప్పిస్తరు. గప్పుడు మీ పంపును మీరెట్ల గుర్తు పడ్తరు?" పంపు బయటి పక్క, నూనె తగలని గరుకు చోట వేలు పెట్టి చూపించాడు. "గీడ పెట్టు. గీడైతే ఏం చెడదు."

ఆమె గట్టు మీద వెతికి తెల్లటి రాయి ముక్క తెచ్చింది. బురదలో నిలబడి, మూడు గీతలు గీసింది. నడిమిది పొడుగు.

లక్‌పతి సీటు మీది నుంచి పిడికిలి విప్పాడు. చెమట పట్టిన రెండు గింజలు. "మరి ఇవి?"

సర్వర్ జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి విప్పాడు. అందులో రెండు పాత రాగి వాషర్లున్నాయి, నలిగి పలుచబడినవి. "వీటి జాగల కొత్తయి ఏసిన. ఇవి మీయే. లెక్క చూసుకో."

లక్‌పతి వాషర్లు అందుకుని గింజల పక్కన పెట్టుకున్నాడు. రెండుకు రెండు. కట్టడానికి గుడ్డ కోసం చూశాడు. సర్వర్ ఆ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. లక్‌పతి జేబులోంచి హరనాథబాబు రాసిన కాగితం తీసి, ఒక్క క్షణం చూసి, వాషర్లను అందులో పెట్టి నాలుగు మడతలు వేశాడు. పొట్లం అంగీ లోపలి జేబులోకి తోసి, గింజలు మడిలోకి విసిరి, స్టీరింగు పట్టుకున్నాడు.

"ఇగ జరుగు సర్వరన్నా. సగం మడి మిగిలుంది."

సర్వర్ పానాలు లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాడు. గట్టెక్కి, బండి దారికి అడ్డం తొలగాడు.